గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ పనిలోకి వచ్చేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల కాలేజీ లైబ్రరీలకీ, ఊరి గ్రంథాలయాలకీ సాఫ్ట్‌వేర్ పెట్టి, చెడితే బాగుచేసే పని మాది. ఈ పనిలోకి రావాలనుకునే బీటెక్ పిల్లలూ, ఉన్న ఉద్యోగంలోనే కంప్యూటర్ల భారం కూడా మీద పడ్డ లైబ్రేరియన్లూ ఏళ్ళ తరబడి అడుగుతున్నవి ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## పనిలోకి రాకముందు

సాఫ్ట్‌వేర్ ఎందుకండీ, మా ఎక్సెల్ లిస్టు చాలదా?

ఐదారు వందల పుస్తకాలున్న ఊరి లైబ్రరీకి, ఇచ్చినవీ తీసుకున్నవీ నోటుబుక్కులో రాసుకునే అలవాటుంటే, ఎక్సెల్ చాలు. ఒకే పుస్తకానికి ఐదు కాపీలు వచ్చినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం వివరం ఒకచోట, దాని కాపీలు మరోచోట ఉంటాయి. మూడో కాపీ ఎవరి దగ్గరుంది, నాలుగోది బైండింగ్‌కి ఎప్పుడు వెళ్ళింది అన్నది విడివిడిగా తెలుస్తుంది. ఎక్సెల్‌లో అదే పేరు ఐదు వరుసల్లో ఐదు రకాలుగా టైపవుతుంది.

మన వైపు ఏ సాఫ్ట్‌వేర్లు ఎక్కువ వాడుతున్నారు?

కాలేజీల్లో కోహా, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ వారి సోల్. ప్రభుత్వ లైబ్రరీల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ. థీసిస్‌లు, పాత ప్రశ్నపత్రాలు, స్కాన్ చేసిన పుస్తకాలు దాచడానికి డీస్పేస్. నా ఓటు కోహాకే. న్యూజీలాండ్‌లోని హోరోఫెనువా అనే చోట గ్రంథాలయాల కోసం 1999లో మొదలుపెట్టి, 2000 జనవరి నుంచి వాడుకలోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారాలన్నా పుస్తకాల వివరాలన్నీ మార్క్ అనే, లైబ్రరీలన్నిటికీ ఉమ్మడి అయిన పద్ధతిలో పూర్తిగా బయటికి తీసుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి: మా డేటా మాకు పూర్తిగా, ఎవర్నీ బతిమాలకుండా తిరిగి వస్తుందా?

బీటెక్ చేశాను, లైబ్రరీ సైన్స్ చదవలేదు. పనికొస్తానా?

వస్తారు. కానీ మార్క్ 21 నేర్చుకోకుండా మాత్రం కుదరదు. 1960ల్లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వంలో తయారైన మార్క్ పద్ధతికి నేటి రూపం ఇది. పుస్తకం పేరు 245లో, రచయిత 100లో, ఐఎస్‌బీఎన్ 020లో, విషయాన్ని బట్టి ఇచ్చే డ్యూయీ నంబరు 082లో, విషయం 650లో ఉంటాయి. కోహా అయితే కాపీ వివరాలు 952లో పెడుతుంది. ఇలాంటి పది పన్నెండు నంబర్లు నోటికి వస్తే లైబ్రేరియన్ గారు చెప్పే ఇబ్బంది సగం అక్కడికక్కడే అర్థమవుతుంది. ఒక వారం పాటు ఏదైనా లైబ్రరీ కౌంటర్ దగ్గర కూర్చుని పుస్తకాలు ఇవ్వండి, తీసుకోండి. ఏ కోర్సులోనూ చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

లైబ్రేరియన్‌ని. కోడింగ్ రాదు. నేనేం నేర్చుకోవాలి?

ముందు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష. కోహాలో రిపోర్టులన్నీ దాంతోనే రాస్తారు. రిపోర్టుల పేజీ డేటాని చదవనిస్తుందే తప్ప మార్చనివ్వదు కాబట్టి భయపడకుండా ప్రయత్నించవచ్చు. "మూడేళ్ళుగా ఒక్కసారి కూడా బయటికి వెళ్ళని పుస్తకాలేవి?" అన్న రిపోర్టుతో మొదలుపెట్టండి. అది మీ లైబ్రరీకి వెంటనే అక్కరకొస్తుంది.

ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మీద పట్టు ఉండాలి?

కోహాకైతే పెర్ల్, మరియాడీబీ, కొంత జావాస్క్రిప్ట్. డీస్పేస్‌కి జావా, పోస్ట్‌గ్రెస్, ఏడో వెర్షన్ నుంచి ముందువైపు యాంగ్యులర్. రెండింటికీ లినక్స్ తెలిసి ఉండాలి, కోహాకైతే అందులోనూ డెబియన్. పెర్ల్ పాతదని వెనకాడకండి. ఆ కోడ్ ప్రపంచమంతటా లైబ్రరీల్లో నడుస్తోంది, దాన్ని చదవగలిగేవాళ్ళేమో తక్కువ.

ఫోన్ల కాలంలో లైబ్రరీకి ఎవరొస్తారు? ఈ పనికి భవిష్యత్తు ఉందా?

ఏ మధ్యాహ్నమైనా ఒక శాఖా గ్రంథాలయంలోకి వెళ్ళి చూడండి. గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ పరీక్షలకి చదివే పిల్లలతో బల్లలు నిండి ఉంటాయి. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేనివాళ్ళు వాళ్ళు. మొన్న విడుదలైన నోటిఫికేషన్‌కి పనికొచ్చే పుస్తకం ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలడం వాళ్ళకి చిన్న విషయం కాదు.

ఈ నేలకి గ్రంథాలయాలు కొత్త కూడా కాదు. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే ఊరివాళ్ళు గ్రంథాలయం పెట్టుకున్నారు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని ఊరూరా నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. ఇంత సంపద ఉండి కూడా, చాలాచోట్ల ఏ పుస్తకం ఎక్కడుందో ఒక్క పెద్దాయన జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆయన రిటైరైన రోజున ఆ జాబితా ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. ఈ పని ఎందుకు అవసరమో నాకు ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

హైదరాబాద్, బెంగళూరు వెళ్ళకుండా ఇక్కడి నుంచే చేయవచ్చా?

చేయవచ్చు. సర్వర్ పని దూరం నుంచే అవుతుంది. డేటా ఎక్కించడం, కౌంటర్‌లో నేర్పించడం మాత్రం మనిషి వెళ్ళి చేయాల్సినవి. రావులపాలెం నుంచి బస్సెక్కితే గంటా గంటన్నరలో చేరే లైబ్రరీలు మనకి చాలానే ఉన్నాయి. పెద్ద ఊళ్ళ కంపెనీలు ఇంత దగ్గర నుంచి సేవ చేయలేవు.

## మొదటిసారి పెట్టేటప్పుడు

సర్వర్ లైబ్రరీలోనే పెట్టాలా, క్లౌడ్‌లోనా?

పిల్లలు ఇంటి నుంచి పుస్తకాలు వెతుక్కోవాలన్నా, మీ దగ్గర సర్వర్ చూసుకునే మనిషి లేకపోయినా క్లౌడ్ మంచిది. నెట్ రోజుకి మూడుసార్లు పోయే ఊళ్ళో అయితే లైబ్రరీలోనే ఒక మంచి కంప్యూటర్, దానికి యూపీఎస్ పెట్టండి. ప్రిన్సిపాల్ గారి గదిలో మిగిలిపోయిన పాత డెస్క్‌టాప్ మాత్రం వద్దు.

కాలేజీల నాణ్యత చూసే న్యాక్ టీం వస్తోంది, పది రోజుల్లో ఆటోమేషన్ అయిపోవాలంటున్నారు. అవుతుందా?

సాఫ్ట్‌వేర్ పెట్టడం ఒక్క పూటలో అవుతుంది. పన్నెండు వేల పుస్తకాల వివరాలు సరిగ్గా ఎక్కించడం పది రోజుల్లో అవ్వదు. తొందరలో పేరు, యాక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీలో చేరినప్పుడు ఇచ్చే వరుస నంబరు) మాత్రమే కొట్టేసిన జాబితాని ఆ తర్వాత ఎవరూ సరిచేయరు. పిల్లలు ఎక్కువగా అడిగే రెండు వేల పుస్తకాలు పూర్తిగా, శుభ్రంగా ఎక్కించి, వాటితో నిజంగానే పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టండి. మిగతావాటికి తేదీలతో ప్రణాళిక రాసి చూపించండి. టీం వాళ్ళ ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగే పద్ధతి అదొక్కటే.

యాక్సెషన్ రిజిస్టర్ నుంచి ఎక్కిస్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

రిజిస్టర్ చూసి కాదు, అలమార దగ్గర పుస్తకం చేత్తో పట్టుకుని టైపు చేయండి. రిజిస్టర్‌లో ఉన్న పుస్తకం పదేళ్ళ కిందటే పోయి ఉండవచ్చు. రెండు పుస్తకాలకి ఒకే నంబరు పడి ఉండటం కూడా మామూలే. అప్పుడు సొంతంగా దిద్దేయకుండా లైబ్రేరియన్ గారి సంతకంతో కొత్త నంబరు వేయించండి, ఆడిట్‌లో ఆ రిజిస్టరే సాక్ష్యం.

ఎక్సెల్‌లో కొడుతుంటే ఐఎస్‌బీఎన్, యాక్సెషన్ నంబరు వరుసలని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేదంటే 978తో మొదలయ్యే పదమూడు అంకెలని ఎక్సెల్ కుదించి చూపిస్తుంది. అలాగే సేవ్ చేసిన సీఎస్‌వీలో చివరి అంకెలు ఇక దొరకవు. 00457 అన్న నంబరు 457 అయిపోతుంది.

ఏ వెర్షన్ పెట్టాలి?

కోహా కొత్త వెర్షన్లు ఏటా మేలో ఒకటి, నవంబరులో ఒకటి వస్తాయి. నంబరులోనే ఏడాదీ నెలా ఉంటాయి: 24.11 అంటే 2024 నవంబరు. అప్పుడే వచ్చినదాన్ని కాకుండా దానికి ముందుదాన్ని, దిద్దుబాట్లు ఇంకా వస్తున్నదాన్ని పెట్టండి. తర్వాత ఏడాదికోసారైనా మార్చండి, అదీ సెలవుల్లో.

## తెలుగు పుస్తకాల దగ్గర

పాత జాబితా అను ఫాంట్‌లో ఉంది. కోహాలోకి ఎక్కిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

అది కనిపించడానికి తెలుగే కానీ, లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్ అది. మార్పిడి సాధనాలు ఉన్నాయి, ముందు వాటితో యూనికోడ్‌లోకి మార్చండి. తర్వాత ఒత్తులు, క్ష, జ్ఞ, ఋ ఉన్న పేర్లని మనిషి చదివి చూడాల్సిందే. మార్చిన ఫైల్ పక్కనే అసలు ఫైల్ కూడా దాచిపెట్టండి.

పుస్తకం ఉంది, కళ్ళెదుట కనిపిస్తోంది. తెలుగులో వెతికితే మాత్రం దొరకడం లేదు. ఎందుకు?

నాలుగు కారణాలుంటాయి, ఈ వరుసలోనే చూడండి.

ఒకటి, ఇండెక్స్. కొత్తగా ఎక్కించిన పుస్తకం ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి కోహా కట్టుకునే జాబితాలో, చేరేదాకా వెతుకులాటలో రాదు. ఇండెక్సర్ ఆగిపోయి ఉంటే మళ్ళీ నడపాలి.

రెండు, కోహాలో వెతికిపెట్టే ప్రోగ్రామ్‌గా జీబ్రా వాడుతుంటే దాన్ని ఐసీయూ పద్ధతికి, అంటే అన్ని భాషల యూనికోడ్ అక్షరాలనీ అర్థంచేసుకునే పద్ధతికి, మార్చారా అన్నది. మామూలు పద్ధతి ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైంది, తెలుగు గుణింతాల దగ్గర మాటని తప్పుగా విరుస్తుంది.

మూడోది కంటికి కనిపించదు. "సాఫ్ట్‌వేర్" అని విడిగా రావాలంటే ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉండాలి. కొందరి కీబోర్డు దాన్ని వేస్తుంది, కొందరిది వేయదు. వెయ్యకపోతే "సాఫ్ట్వేర్" అవుతుంది. చదివేవాడికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు వేరు మాటలు.

నాలుగోది పాత పుస్తకాల అరసున్న, బండి ఱ. అట్ట మీద "వాఁడు" అని ఉంటే మనం అలాగే ఎక్కించాలి, అది పుస్తకం అసలు పేరు. వెతికే పిల్లాడు మాత్రం "వాడు" అనే కొడతాడు. ఐసీయూ నియమాల ఫైల్‌లో అరసున్ననీ ఆ కనిపించని అక్షరాన్నీ వదిలేయమని, ఱని రగా చూడమని రాసి, ఇండెక్స్ మొత్తం మళ్ళీ కట్టండి. రికార్డులో పేరు చెక్కుచెదరదు, వెతుకులాట మాత్రం కలుస్తుంది. తెలుగు లైబ్రరీకి మీరు చేయగలిగిన మేళ్ళలో పెద్దది ఏదంటే నేను ఇదే చెబుతాను.

రచయిత పేరు ఎలా ఎక్కించాలి? ఇంటిపేరు ముందా, వెనకా?

ఇంటిపేరు ముందు. మనవాళ్ళు కౌంటర్ దగ్గరికొచ్చి "వేదుల వారి పుస్తకాలున్నాయాండీ?" అనే అడుగుతారు. ఇంగ్లీషు జాబితాల నుంచి తెచ్చుకున్న రికార్డుల్లో చివరి మాటని ఇంటిపేరు అనుకుని ముందుకి లాగేస్తారు, దాంతో శాస్త్రులూ, శర్మలూ, రావులూ అందరూ ఒకే కుప్పగా తేలతారు. ఒక్కో రచయితకి ఒక్క అథారిటీ రికార్డు చేసి, పూర్తి పేరు, పొట్టి పేరు, కలం పేరు, ఇంగ్లీషు స్పెల్లింగ్ అన్నీ దానికి తగిలించండి. పేరుమార్పులు అక్కడొక్కచోట దిద్దితే చాలు.

తెలుగు పుస్తకాల వివరాలు నెట్ నుంచి దించుకోలేమా?

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకైతే లైబ్రరీల మధ్య రికార్డులు తెచ్చుకునే జెడ్39.50 అనే పద్ధతి ద్వారా పెద్ద లైబ్రరీల నుంచి నిమిషంలో వస్తాయి. పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎనే ఉండదు. వాటిని మనమే టైపు చేయాలి. అందుకే ఒకసారి శుభ్రంగా చేసిన రికార్డుని పక్క ఊరి లైబ్రరీకి ఇవ్వండి.

పుస్తకంలో ముద్రించిన ఏడాది లేదు, "ఆనంద నామ సంవత్సరం" అని ఉంది. ఏం వేయాలి?

అరవై ఏళ్ళ చక్రం కాబట్టి ఆనంద అంటే 1914 ఉగాది నుంచి 1915 ఉగాది దాకా కావచ్చు, 1974-75 కూడా కావచ్చు. ధర అణాల్లో ఉందా, రూపాయలు పైసల్లోనా? ప్రెస్సు ఏది? కాగితం ఎలా ఉంది? వీటిని బట్టి తేల్చి, చదరపు బ్రాకెట్లలో ఏడాది వేయండి. పుస్తకంలో ఉన్న సంవత్సరం పేరు నోట్‌లో అలాగే ఉంచండి.

స్పైన్ లేబుళ్ళ మీద తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

పీడీఎఫ్ బదులు సీఎస్‌వీగా దించి లిబ్రెఆఫీస్‌లో ప్రింట్ తీయండి. తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి.

## రోజూ వచ్చే ఫోన్లు

బార్‌కోడ్ కొడితే తెలుగు అక్షరాలు పడుతున్నాయి! స్కానర్ పాడైందా?

స్కానర్ బాగానే ఉంది. కంప్యూటర్ దృష్టిలో అది కూడా ఒక కీబోర్డే. పేరు టైపు చేయడానికి తెలుగులోకి మార్చి, తిరిగి ఇంగ్లీషులోకి రాలేదన్నమాట. విండోస్ మీటతోపాటు స్పేస్ నొక్కండి. కొత్త లైబ్రరీ అయితే బార్‌కోడ్‌లో అక్షరాలు లేకుండా అంకెలే పెట్టండి, ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఉన్నట్టుండి కోహా చాలా నెమ్మదించింది.

లైబ్రరీ లోపల అందరికీ నెమ్మదిగా ఉండి, సర్వర్ క్లౌడ్‌లో ఉంటే, బయటి బాట్లు (తమంతట తామే వెబ్ పేజీలన్నీ తిరిగే ప్రోగ్రాములు) మీ ఓపాక్‌ని, అంటే పిల్లలు పుస్తకాలు వెతుక్కునే వెబ్ పేజీని, ఆగకుండా తవ్వుతున్నాయేమో లాగ్‌లో చూడండి. వెతుకులాట పేజీలకి పరిమితి పెట్టాలి. సొంత సర్వర్ అయితే డిస్కు నిండిందేమో ముందు చూడండి. పాత బ్యాకప్‌లు అక్కడే పేరుకుపోయి ఉంటాయి.

ఆదివారం తెరుస్తాం, శుక్రవారం సెలవు. గడువు తేదీ శుక్రవారం పడుతోంది.

క్యాలెండర్‌లో వారపు సెలవు శుక్రవారంగా పెట్టి, గడువు లెక్కలో సెలవులు వదిలేయమని సెట్ చేయండి. సంక్రాంతి సెలవులు కూడా ముందే వేసేయండి. లైబ్రరీ మూసిన రోజుకి జరిమానా వేస్తే పిల్లలు మళ్ళీ రారు.

సపోర్టు వాళ్ళు దూరం నుంచి మా కంప్యూటర్ చూస్తామంటున్నారు. ఇవ్వవచ్చా?

మీరు ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే, ఆ ఒక్కసారికే ఇవ్వండి. పాస్‌వర్డు ఫోన్లో చెప్పవద్దు. సపోర్టు మనిషికి విడిగా లాగిన్ చేసి ఇస్తే ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది.

బ్యాకప్ రోజూ అవుతోందని చెప్పారు. అంతే కదా?

అంతే కాదు. కోహా ప్యాకేజీ రోజూ డేటాబేస్‌నీ సెట్టింగులనీ మూటగట్టి అదే సర్వర్‌లో పెడుతుంది. ఆ డిస్కు పోతే మూట కూడా పోతుంది. రోజూ ఒక కాపీ వేరే చోటికి వెళ్ళాలి. నెలకోసారి పుస్తకాల వివరాలన్నీ మార్క్ ఫైల్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో లైబ్రేరియన్ గారి బీరువాలో ఉంచండి. మూడు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్ మీద బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టి చూడండి. అలా నిలబెట్టి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

గోదావరి పొంగితే ఏం చేయాలి?

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. లంక ఊళ్ళలోనూ, ఏటిగట్టు పక్కనా ఉన్న లైబ్రరీలు మొదటి హెచ్చరికకే కదలాలి. సర్వర్‌ని పద్ధతిగా ఆపి, తీగలు ఊడదీసి, మేడ మీదికి చేర్చండి. యాక్సెషన్ రిజిస్టర్లు దానికన్నా ముందు ఎక్కాలి. వాటి ప్రతి పేజీ ఫొటో ఎండాకాలంలోనే తీసి బయట దాచి ఉంచితే ఆ రోజు సగం బెంగ ఉండదు. తడిసిన కంప్యూటర్‌కి కరెంటు పెట్టి చూడొద్దు. డిస్కు విప్పి తీసుకురండి.

నెట్ పోతే పుస్తకాలు ఇవ్వడం ఆపేయాలా?

వద్దు. 2022 మేలో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు క్లౌడ్ మీదే ఆధారపడ్డ పనులు చాలా నిలిచిపోయాయి. కౌంటర్‌లో ఒక గీతల పుస్తకం ఎప్పుడూ ఉండాలి: తేదీ, సభ్యుడి నంబరు, బార్‌కోడ్, ఇచ్చామా తీసుకున్నామా. నెట్ వచ్చాక అదే వరుసలో ఎక్కించండి.

ఫలానా అమ్మాయి ఏ పుస్తకాలు చదువుతోందో చెప్పమని అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఇవ్వకూడదు, అడిగినవారు ఇంటివాళ్ళైనా సరే. ఎవరు ఏం చదివారన్నది చదివినవాళ్ళ సొంత సంగతి. పుస్తకం తిరిగొచ్చి, జరిమానా లేకపోతే, కొంతకాలానికి పాత చరిత్రలోంచి పేరు తీసేసే ఏర్పాటు కోహాలో ఉంది, దాన్ని నడపండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. సభ్యత్వ ఫారంలో అక్కర్లేని ఆధార్ నంబరు అడగడం మానేయండి.

## కోడ్ రాయాలనుకుంటే

మా కాలేజీకి ఒక చిన్న మార్పు కావాలి. కోహా కోడ్‌లోనే మార్చేయనా?

మార్చకండి, తర్వాతి అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది. సెట్టింగుల్లో ఉందేమో ముందు వెతకండి, చాలాసార్లు ఉంటుంది. లేకపోతే విడిగా తగిలించుకునే ప్లగిన్ రాయండి. అందరికీ పనికొచ్చేదైతే కోహా లోపాలూ మార్పులూ నమోదు చేసే బగ్‌జిల్లా సైటులో పెట్టండి. ప్యాచ్‌తోపాటు, అంటే కోడ్‌లో మీరు చేసిన మార్పుతోపాటు, ఎలా పరీక్షించాలో అడుగడుగునా రాయాలి. ఇంకొకరు పరీక్షించి సంతకం పెట్టాక, నాణ్యత చూసేవాళ్ళు ఒప్పుకున్నాకే అది లోపలికి వెళ్తుంది.

కోడ్ రాకుండా సాయం చేయలేమా?

ఎందుకు చేయలేరు? కోహా తెలుగు అనువాదం వెబ్‌లేట్ అనే సైటులో జరుగుతుంది, అక్కడ చేతులు చాలడం లేదు. కౌంటర్‌లో రోజూ అనే మాటలే పెట్టండి. "రెన్యువల్" అంటే అందరికీ తెలిసినప్పుడు దానికి సంస్కృత సమాసం కట్టనక్కర్లేదు. ఇతరుల ప్యాచ్‌లని తెలుగు డేటాతో పరీక్షించి చెప్పడం కూడా పెద్ద సాయమే.

పాత పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళు కాపీహక్కు ఉంటుంది. అది దాటినవి పెట్టవచ్చు, మిగతావాటికి హక్కుదారుల అనుమతి కావాలి. స్కాన్ బొమ్మల్లోంచి అక్షరాలు చదివే టెసరాక్ట్‌లో తెలుగు ఉంది కానీ, పాత సీసం అచ్చుల మీద తప్పులు చాలానే వస్తాయి. పేరు, రచయిత, విషయసూచిక మనిషే కొట్టాలి.

## డబ్బు, ఒప్పందం

సాఫ్ట్‌వేర్ ఉచితం కదా, మీకెందుకు డబ్బులివ్వాలి అంటున్నారు.

సాఫ్ట్‌వేర్‌కి కాదు, పనికి తీసుకుంటున్నామని బిల్లులోనే కనిపించాలి. సర్వర్ పెట్టడం, పాత డేటా మార్చడం, శిక్షణ, ఏడాది మెయింటెనెన్స్, ఈ నాలుగూ విడివిడిగా రాయండి. డేటాకి రికార్డు చొప్పున ధర చెప్పండి, అదీ ఓ వంద రికార్డులు చేసి చూశాకే. మార్చి 31కి ముందే బిల్లు చేర్చండి, దాటితే కొత్త బడ్జెట్ దాకా ఆగాలి.

జీఎస్టీ కట్టాలా?

సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. ఆడిటర్‌ని అడిగి చేయండి.

ఒక లైబ్రరీ పని వదిలేస్తున్నాను. ఏమేం అప్పగించాలి?

సర్వర్, డొమైన్, క్లౌడ్ ఖాతా మొదటి రోజు నుంచే లైబ్రరీ పేరు మీద, లైబ్రరీ మెయిల్‌తో ఉండాలి. మీ పేరు మీద ఉంటే ముందు అవి మార్చండి. తర్వాత తాజా డేటాబేస్ బ్యాకప్, మార్క్ ఫైల్, సభ్యుల జాబితా, మీరు మార్చిన సెట్టింగులూ, రాసిన రిపోర్టులూ, ఐసీయూ నియమాల ఫైలూ ఇవ్వండి. పాస్‌వర్డులు కవరులో పెట్టి లైబ్రేరియన్ గారి చేతికే ఇచ్చి, రసీదు తీసుకోండి. బాకీ ఉన్నా సరే డేటా ఆపవద్దు. బాకీ వసూలుకి వేరే దారులున్నాయి, పరీక్షల ముందు మూతపడ్డ లైబ్రరీకి వేరే దారి లేదు. కొత్తగా వచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ బ్యాకప్‌ని ఆయన కంప్యూటర్ మీద నిలబెట్టించండి. ఒక తెలుగు పుస్తకం వెతికి, ఒక సభ్యుడికి ఇచ్చి, తిరిగి తీసుకోమనండి. అది సజావుగా జరిగాక మీ లాగిన్ తీసేయించండి.